పాత కస్టమర్లే ఫోన్ చేస్తుంటే మాట్లాడొచ్చా?

సేల్స్ ఉద్యోగం మానేశారు, రెండేళ్లు పాత కస్టమర్ల జోలికి వెళ్లనని సంతకం పెట్టి ఉన్నారు, ఇప్పుడు వాళ్లే ఫోన్ చేస్తున్నారు, మాట్లాడితే కేసు వేస్తారా అని కదా మీ ప్రశ్న. 2017లో నాకూ ఇదే టెన్షన్.

నేను జీడిమెట్ల వైపు ఎయిర్ కంప్రెసర్లు, స్పేర్లు అమ్మేవాణ్ని. మానేసిన నలభై రోజులకు లాయర్ నోటీసు వచ్చింది, పది లక్షలు కట్టమని. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మా లాయర్ గారు ఒప్పందం చదవకముందే ఒకటడిగారు: "వచ్చేటప్పుడు ఏమైనా పట్టుకొచ్చావా?" నసిగాను. చివరి వారంలో కస్టమర్ల ఎక్సెల్ షీటు, ఎవరికి ఎంత డిస్కౌంటో దానితో సహా, నా సొంత జీమెయిల్‌కి పంపుకున్నాను. అక్కడే డిలీట్ చేయబోతే ఆపారు. నోటీసు వచ్చాక చెరిపితే తప్పు దాచినట్టు అవుతుందట.

1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం ఒకరి వృత్తినో వ్యాపారాన్నో అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కట్టడి వేరే సంగతి. ఉద్యోగి కేసు కాకపోయినా, క్రికెటర్ జహీర్ ఖాన్ విషయంలో 2006లో సుప్రీంకోర్టు ఒప్పందం ముగిశాక కట్టడి కుదరదనే చెప్పింది.

అలాగని ధీమాగా ఉండకండి. పోటీ కంపెనీలో చేరడం ఒకటి, కస్టమర్లను లాగడం ఇంకొకటి. డెసికెంట్ రోటర్స్ అనే కంపెనీ తన పాత మేనేజరు మీద వేసిన కేసులో 2009లో ఢిల్లీ హైకోర్టు అతని కొత్త ఉద్యోగాన్ని ఆపలేదు కానీ, పాత కస్టమర్ల దగ్గరికి వెళ్లి బిజినెస్ అడగొద్దంది. అదే కోర్టు 2006లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ బ్యాంకు కేసులో, కస్టమర్ల పేర్లూ నంబర్లూ రహస్యం కాదని ఉద్యోగిని వైపే మొగ్గింది. నా షీటులో ఉన్నవి ఉత్త నంబర్లు కావు, రేట్లు. నా మెడకు చుట్టుకుంది అదే.

చివరికి షీటు ఎవరికీ ఇవ్వలేదని, వాడనని రాసిచ్చాను. పాత కంపెనీ ఆపేసిన ఇన్సెంటివ్ వదులుకున్నాను (అది ఇప్పటికీ కడుపుమంటే). కోర్టు దాకా పోలేదు.

మీ దగ్గర అలాంటి ఫైలు లేకపోతే సగం భయం అనవసరం. కస్టమర్లు వాళ్లంతట వాళ్లు ఫోన్ చేస్తే మాట్లాడండి, కానీ ఎంక్వైరీ మెయిల్లోనో వాట్సాప్‌లోనో పంపమని అడగండి. ముందు కదిలింది వాళ్లేనని రేపు చూపించుకోవాలి కదా. మీరుగా ఫోన్ చేయకండి, కనీసం లాయర్‌కి ఒప్పందం చూపించేదాకా.