గుండె కవాటానికి సెరొటోనిన్‌తో ఏమి పని?

ప్రశ్న: మా అన్నయ్యకు గుండె ఎడమవైపున ఉండే మిట్రల్ కవాటం మందమెక్కి లీకవుతోంది. సెరొటోనిన్ గ్రాహకాలను అడ్డుకునే మందులు గుండెజబ్బుకు తయారవుతున్నాయని విన్నాము. సెరొటోనిన్ మనసును ఉల్లాసంగా ఉంచుతుందంటారు కదా, దాన్ని అడ్డుకుంటే దిగులు కమ్ముకోదా?

జవాబు: సెరొటోనిన్ అనగానే మెదడే గుర్తుకొస్తుంది గానీ, శరీరంలో ఉన్నదానిలో దాదాపు 90 శాతం పేగుల గోడల్లోనే తయారవుతుంది, రక్తంలో చేరినది ఎక్కువగా ప్లేట్‌లెట్లలో నిల్వ ఉంటుంది. రక్తంలోంచి మెదడులోకి దాటడం దానికి సాధ్యం కాదు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రాపోర్ట్, గ్రీన్, పేజ్ అనే శాస్త్రవేత్తలు దీన్ని రక్తం నుంచి వేరుచేసినప్పుడు వారు వెతుకుతున్నది రక్తనాళాలను బిగించే పదార్థం కోసమే.

సెరొటోనిన్‌కు మన శరీరంలో పద్నాలుగు రకాల గ్రాహకాలు, అంటే కణాల మీద అది అతుక్కుని పనిచేయించే ప్రోటీన్లు, ఉన్నాయి. గుండె కవాటాల విషయంలో ముఖ్యమైనది 2బి రకం. అది అతిగా ప్రేరేపితమైతే కవాటంలోని కణాలు పెరిగి, పీచు పదార్థం పేరుకుని, కవాటపు రెక్కలు మందమవుతాయి. ఈ సంగతి ఎంతోమంది బాధపడ్డాక గానీ బయటపడలేదు: బరువు తగ్గడానికి వాడిన ఫెన్‌ఫ్లురమిన్ కవాటాలను దెబ్బతీస్తోందని తేలి 1997లో అమెరికా మార్కెట్ నుంచి దాన్ని ఉపసంహరించారు, శరీరంలో ఆ మందు నుంచి ఏర్పడే పదార్థం 2బి గ్రాహకాన్ని బలంగా ప్రేరేపిస్తుందని తర్వాత గుర్తించారు. సెరొటోనిన్‌ను విపరీతంగా స్రవించే కార్సినాయిడ్ కణితులున్నవారిలోనూ ఇలాంటి నష్టమే కనిపిస్తుంది, అదీ ఎక్కువగా కుడివైపు కవాటాలకు. ఎడమవైపుకు చేరేలోపే ఊపిరితిత్తులు సెరొటోనిన్‌ను చాలావరకు విచ్ఛిన్నం చేస్తాయి.

ప్రేరేపిస్తే చెడేది, అడ్డుకుంటే నిలుస్తుందన్న ఆశతోనే ఈ పరిశోధన సాగుతోంది. మీరు అడిగిన దిగులు గురించి శాస్త్రవేత్తలూ ఆలోచించారు. అందుకే మెదడులోకి చొరబడకుండా, మిగతా గ్రాహకాల జోలికి పోకుండా 2బిని మాత్రమే పట్టుకునే అణువుల కోసం వెతుకుతున్నారు. ఒకదానికొకటి పోలిన పద్నాలుగింటిలో ఒక్కదానికే అతికే అణువును తయారుచేయడం కష్టం. పైగా కవాట వ్యాధి ఏళ్ల తరబడి నెమ్మదిగా ముదిరేది కాబట్టి, మందు పనిచేస్తోందో లేదో తేల్చడానికీ అంతే ఓపిక కావాలి.

కవాట వ్యాధికి ఆమోదం పొందిన 2బి నిరోధకం (ఆ గ్రాహకాన్ని అడ్డుకునే మందు) ఇప్పటికైతే లేదు. గుండె వైఫల్యానికి 4వ రకం గ్రాహకాన్ని అడ్డుకునే పిబోసెరోడ్ అనే మందును పరీక్షించినప్పుడు గుండె పంపింగ్ శక్తి స్వల్పంగా పెరిగినా రోగుల స్థితిలో చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. కాబట్టి మీ అన్నయ్యగారు కొత్త మందు కోసం ఎదురుచూస్తూ, వైద్యులు చెప్పిన ఎకో పరీక్షలనూ, అవసరమని తేల్చిన శస్త్రచికిత్సనూ వాయిదా వేయవద్దని నా గట్టి మనవి.