పాత ఫొటోలోంచి స్టేషన్ కొలతలు

ప్రశ్న: కూల్చేసిన ఒక చిన్న రైల్వే స్టేషన్‌ను హెచ్‌ఓ స్కేల్లో (1:87, అంటే అసలులో 87వ వంతు) మోడల్‌గా కడుతున్నాను. ఇటుక కట్టడం. దొరికినవి రెండే ఫొటోలు, రెండూ మూల మీంచి తీసినవే. తలుపు ఎత్తు 2 మీటర్లనుకుని అన్నీ ఆ లెక్కన కొలిచాను. అట్టతో చేసి చూస్తే గోడ పొట్టిగా, కప్పు చదునుగా వచ్చాయి. తప్పెక్కడ?

జవాబు: తలుపును కొలబద్ద చేసుకోవడంలో తప్పులేదు. దాన్ని ఫొటో అంతటా వాడటమే తప్పు. ఏ కొలతైనా కెమెరాకు అంతే దూరంలో ఉన్నవాటికే చెల్లుతుంది. ఒకే గోడ మీది కిటికీలు సైతం దూరం పోయేకొద్దీ సన్నబడతాయి కదా. కప్పు విషయంలో ఇది ఇంకా ఎక్కువ. నడికొప్పు (కప్పు రెండు వాలులూ కలిసే పై అంచు) చూరుకంటే వెనక ఉంటుంది, మనమేమో కిందనుంచి చూస్తాం. అందుకే అది కిందికి దిగినట్టు కనిపిస్తుంది.

ముందు ఫొటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి. ఇటుకల మధ్య సందులు కనిపించాలి, మీకు అసలైన ఆధారం అవే. జింప్ లాంటి ఫొటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్‌లో గోడ నాలుగు మూలలూ పట్టుకుని దీర్ఘచతురస్రంగా సరిచేయండి. అప్పటికీ పొడవు, ఎత్తుల నిష్పత్తి తేలదు. చాలామంది పొరబడేది ఇక్కడే. దాన్ని ఇటుకలు తేలుస్తాయి. ఇటుక పొడవు 215 మి.మీ., మందం 65 మి.మీ., సందు 10 మి.మీ. అనుకుంటే, సందుతో కలిపి ఇటుక పొడవు 225, ఒక వరుస ఎత్తు 75, అంటే 3:1. చిత్రంలో ఇటుకలు ఆ నిష్పత్తికి వచ్చేదాకా అడ్డంగా సాగదీయండి. పొడుగు ముఖం కనిపించే ఇటుకలనే లెక్కించాలి. పాత ఇటుకలు చోటును బట్టి మారతాయి కాబట్టి అదే లైనులో ఇంకా నిలిచున్న కట్టడం ఏదైనా ఉంటే 10 వరుసలు కలిపి కొలిచి, పదోవంతు తీసుకోండి.

చూరు దాకా 52 వరుసలుంటే 3,900 మి.మీ. ఎత్తు; మోడల్లో 44.8 మి.మీ. కప్పు వాలును పక్కగోడ త్రికోణం నుంచే తీయాలి, అదీ ఇటుక ఆగిన గీత వెంబడి. చూరు చెక్క గోడను దాటి ముందుకు వస్తుంది కాబట్టి దాన్ని నమ్మొద్దు. గోడ వెడల్పు 6 మీటర్లు, త్రికోణం ఎత్తు 2.1 మీటర్లు అయితే వాలు 35 డిగ్రీలు.

అట్ట మోడల్‌ను పాత ఫొటో కోణంలోనే తీసి పోల్చండి. కెమెరా ఎత్తు 1.5 మీటర్లయితే మోడల్ దగ్గర లెన్స్ 17 మి.మీ. ఎత్తులో ఉండాలి. ఫోన్‌ను తలకిందులు చేస్తే అంత కిందికి వస్తుంది. చిమ్నీ నడికొప్పును ఎక్కడ దాటుతోందో రెండు ఫొటోల్లోనూ చూడండి. అది కలిసేదాకా ఫోన్ జరుపుతూ పోవాలి. అది కలిసినా చూరు గీత కలవకపోతే వాలు ఇంకా తప్పే.

ప్రశ్న: ఫొటోలో గోడ, తలుపు రెండూ ఒకే నలుపు. రంగు ఎలా ఊహించాలి?

జవాబు: పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనబడదు. ఎర్ర ఇటుక నల్లగా, నీలాకాశం తెల్లగా పడతాయి. కాబట్టి ఆ తలుపు ముదురు ఎరుపైనా కావచ్చు, ముదురు ఆకుపచ్చైనా కావచ్చు. మీ మోడల్ ఫొటోను నలుపు తెలుపు చేసి పోల్చడం ఈ ఫిల్ముకు పనికిరాదు. మోడల్ కలర్ ఫొటోలోని నీలం, ఆకుపచ్చ ఛానెళ్లు (సాఫ్ట్‌వేర్ విడదీసి చూపే రంగు పొరలు) మాత్రమే ఉంచి పోల్చండి. పెచ్చులూడిన చోట బయటపడే పాత పూత, అదే లైను స్టేషన్ల రంగుల పద్ధతి దీనికంటే గట్టి సాక్ష్యాలు.