ఇంట్లో చేసిన సబ్బు విరిగి రాలుతోంది, చేతులు మండుతున్నాయి. కరిగించి మళ్లీ అచ్చు పోయొచ్చా?

ప్రశ్న: అర లీటరు కొబ్బరి నూనె, అర లీటరు వేరుశనగ నూనె, 151 గ్రాముల కాస్టిక్ సోడా, 330 గ్రాముల నీళ్లతో సబ్బు చేశాను. వారం తర్వాత కోస్తే సుద్దముక్కలా విరుగుతోంది. చేతులు కడుక్కుంటే మంట. పారేయాలా, కరిగించి బాగుచేయొచ్చా?

జవాబు:

పారేయక్కర్లేదు. తప్పెక్కడ జరిగిందో మీరు రాసిన కొలతల్లోనే ఉంది. కాస్టిక్‌ని గ్రాముల్లో తూచారు, నూనెని మాత్రం లీటర్లలో పోశారు. లీటరు నూనె కిలో తూగదు, సుమారు 910 గ్రాములే. చాలా ప్యాకెట్ల మీద ఆ బరువు కూడా వేసే ఉంటుంది.

లెక్క చూడండి. గ్రాము కొబ్బరి నూనె సబ్బుగా మారడానికి 0.183 గ్రాముల కాస్టిక్ కావాలి, వేరుశనగ నూనెకి 0.136. రెండూ చెరి 500 గ్రాములైతే 91.5, 68 కలిపి 159.5. చర్మానికి మెత్తగా ఉండాలని అందులో 5 శాతం తగ్గిస్తే 151.5. మీ 151 అక్కడిదే. కానీ గిన్నెలో పడిన నూనె చెరి 455 గ్రాములు. దానికి పూర్తిగా పట్టే కాస్టిక్ 145 గ్రాములే. అంటే 5 శాతం నూనె మిగలాల్సిన చోట దాదాపు 6 గ్రాముల కాస్టిక్ మిగిలిపోయింది. మంట దానిదే.

విరగడాన్ని బట్టి మాత్రం ఏమీ తేల్చకండి. సగం కొబ్బరి నూనె ఉన్న సబ్బుని వారం ఆగి కోస్తే కాస్టిక్ సరిగ్గా ఉన్నా పెళుసుగా విరుగుతుంది. దాన్ని 24 గంటల లోపే కోసేయాలి. అలాగే పైపైన పల్చగా తెల్లటి పొడి పేరుకుంటే అది గాలి తగిలి ఏర్పడిన సోడా బూడిద. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, దానికోసం సబ్బంతా కరిగించడం దండగ. లోపల తెల్లటి గింజల్లాంటివి గానీ, తడిగా కారే గుంటలు గానీ కనిపిస్తే అది కాస్టిక్. అనుమానం తీరాలంటే తడివేలితో సబ్బుని రుద్ది, ఆ వేలిని నాలుక చివర ఆనించండి. బ్యాటరీ తగిలినట్టు చురుక్కుమంటే కాస్టిక్ మిగిలినట్టే. వెంటనే నోరు కడిగేసుకోవాలి. రంగు మారే పీహెచ్ కాగితాల్ని నేను నమ్మను. మంచి సబ్బు కూడా 9, 10 మధ్యే చూపిస్తుంది.

మీరు కలపాల్సింది, తగ్గిన ఆ 90 గ్రాములే: కొబ్బరి 45, వేరుశనగ 45. అప్పుడు మొదట అనుకున్న లెక్కకే వస్తారు. ఇది మొత్తం సబ్బుకి. ఇప్పటికే కొన్ని ముక్కలు పోయి ఉంటే ముక్కల లెక్కన తగ్గించండి. 12 ముక్కల్లో 10 మిగిలితే 75 గ్రాములు చాలు. తూకం బట్టి లెక్కేయకండి, వారంలో ఎంత నీరు ఆరిందో మనకి తెలీదు కదా. కాస్టిక్‌ని అసలు తూచకుండా చెంచాలతో వేసినవాళ్లు 100 గ్రాముల ముక్క తీసుకుని 5 గ్రాముల నూనెతో వండి చూడాలి. చురుకు పోకపోతే మరో 5. మొత్తం మీద ప్రయోగం చేయొద్దు.

ఇక కరిగించడం. ఆ మాట వినగానే చాలామంది బెల్లం పాకంలా జారుతుందనుకుంటారు. బజారులో దొరికే సబ్బు బేస్‌లో గ్లిజరిన్, పంచదార లాంటివి కలిపి ఉంటాయి కాబట్టి అది కరిగి జారుతుంది. మన చేతి సబ్బు అలా కరగదు. నీళ్లతో ఉడికి మెత్తబడుతుంది, అంతే. చివరికి వచ్చేది ఉప్మాలాంటి ముద్ద.

చేతికి తొడుగులు, కళ్లకి అద్దాలు, ముక్కుకి గుడ్డ కట్టుకుని సబ్బుని తురమండి. కాస్టిక్ ఎక్కువైన సబ్బు పొడి ఎగిరితే ముక్కు, కళ్లు మండిపోతాయి. తురుము సన్నగా, ఒకే తీరుగా ఉండాలి. పెద్ద ముక్క ఒకటి మిగిలినా చివర్లో ఉండలా తేలుతుంది. గిన్నె స్టీలుదే వాడండి. అల్యూమినియం అసలు వద్దు, కాస్టిక్ దాన్ని తినేస్తుంది.

నీళ్ల దగ్గరే చాలామంది చెడగొట్టుకుంటారు. వారం వయసున్న సబ్బులో ఇంకా తడి ఉంటుంది కాబట్టి కిలో తురుముకి 100 గ్రాముల వేడి నీళ్లు చాలు. నెల దాటిన సబ్బైతే 150 నుంచి 200 పోసి, మూతపెట్టి రాత్రంతా నానబెట్టాలి. మెత్తబడలేదని తొందరపడి పోస్తూ పోతే ఆ నీరంతా తర్వాత ఆరాలి. ఆరేటప్పుడు సబ్బు కుంచించుకుని వంకర తిరుగుతుంది. బోరు నీళ్లు వద్దు, అందులోని సున్నం సబ్బుతో కలిసి జిగట తెట్టు కడుతుంది. ఆర్వో నీళ్లు సరిపోతాయి. ఆ నీళ్లలో ఒక టీస్పూను పంచదార కరిగిస్తే ముద్ద కాస్త జారుగా వస్తుంది. నీళ్ల బదులు పాలు కూడా పోయొచ్చు గానీ రంగు గోధుమకి తిరుగుతుంది.

వెడల్పు గిన్నెలో నీళ్లు మరగనిచ్చి, మంట తగ్గించి, అందులో తురుము గిన్నె పెట్టండి. పొంగితే చోటుండాలి కాబట్టి లోపలి గిన్నె సగం ఖాళీగా ఉండాలి. మీరు కలపాల్సిన 90 గ్రాముల నూనెని ఇప్పుడే, వేడిచేసి, తురుముకి పట్టించండి. చివర్లో పోస్తే మిగిలిన కాస్టిక్‌తో కలిసే సమయం దొరకదు, నూనె విడిగా పైకి తేలుతుంది. మూతపెట్టండి. నేరుగా మంట మీద పెడితే అడుగంటి గోధుమరంగు మచ్చలు, మాడు వాసన తప్పవు. థర్మామీటరు ఉంటే లోపలి ముద్ద 70 నుంచి 80 డిగ్రీల మధ్య ఉండేలా చూసుకోండి.

పావుగంటకోసారి అడుగునుంచి నెమ్మదిగా తిరగేయండి. గిలక్కొట్టకండి, నురుగు పట్టి సబ్బంతా బుడగలౌతుంది. హ్యాండ్ బ్లెండర్ వద్దనడానికీ అదే కారణం. మొదట తురుము చెమర్చినట్టవుతుంది. తర్వాత అంచులు వాసెలిన్‌లా పారదర్శకంగా మారతాయి. గంట, గంటన్నరకి ఉడికిన సగ్గుబియ్యంలా మెరుస్తూ ఒకే ముద్దవుతుంది. అప్పటికీ మధ్యలో తెల్లటి పొడి ముక్కలు ఉంటే రెండు చెంచాలు వేడి నీళ్లు చల్లి మూతపెట్టండి. పూర్తయ్యాక కాస్త ముద్ద తీసి చల్లార్చి నాలుక పరీక్ష మళ్లీ చేయండి. చురుకుంటే ఇంకో అరగంట ఉడకాలి. అప్పటికీ తగ్గకపోతే 20 గ్రాముల నూనె.

సువాసన నూనెలు దింపాక, వేడి 60 డిగ్రీలకి తగ్గాకే వేయాలి. సబ్బు తూకంలో 2 శాతం చాలు. ముల్తానీ మట్టి వేస్తే ముందు తడిపి వేయండి, పొడిగా వేస్తే ముద్దలోని తడినంతా పీల్చేస్తుంది. పసుపు ఈ క్షారానికి ఎర్రబడుతుంది, వేపాకు పొడి కొన్నాళ్లకి గోధుమరంగవుతుంది. పచ్చగా ఉంటుందని ఆశపడొద్దు.

అచ్చు విషయంలో పువ్వుల నగిషీలున్నవి పక్కన పెట్టండి, ముద్ద ఆ సందుల్లోకి దిగదు. బటర్ పేపర్ పరిచిన పొడుగాటి పెట్టె మేలు. ముద్ద వేడిగా ఉండగానే కొంచెం కొంచెంగా వేస్తూ గరిటె వెనకతో గట్టిగా నొక్కండి. ప్రతి పొరకీ పెట్టెని మడతపెట్టిన గుడ్డ మీద నాలుగు దెబ్బలు కొట్టండి. గాలి చిక్కితే కోసినప్పుడు గుంటలు బయటపడతాయి. పైభాగం గరుకుగానే ఉంటుంది, ఎంత నునుపు చేసినా కొత్త సబ్బు అందం రాదు.

ఒకటి రెండు రోజులకి తీసి కోయొచ్చు. కాస్టిక్ పని అప్పటికే ముగిసింది గానీ నీరు ఆరాలి, కనీసం 3, 4 వారాలు. గాలి తగిలేలా జాలీ మీద ఎడంగా పెట్టి, మొదటి వారం రోజూ తిప్పండి. లేకపోతే ఒకవైపే ఆరి వంగుతుంది. వానాకాలంలోనూ సముద్రం పక్క ఊళ్లలోనూ ఇంకా ఎక్కువ పడుతుంది, ఫ్యాను కింద పెట్టుకోండి. ఒక ముక్కని వారానికోసారి తూచి రాసుకుంటూ ఉండండి. 100 గ్రాముల ముక్కలో వారానికి తేడా గ్రాము లోపుకి వచ్చిందంటే వాడకానికి సిద్ధం.