వుజూ నీళ్లను కొలిచిన తరగతి

పట్టణ బడుల్లో పర్యావరణ పాఠానికి ఇస్లామీ విలువలను జోడించడం సాధ్యమేనా, అది వట్టి మతబోధగా మిగిలిపోదా అని మీరు అడిగారు. హైదరాబాదు పాతబస్తీలోని ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో సామాన్యశాస్త్రం బోధించిన అనుభవంతో చెబుతున్నాను: వాక్యాలు వల్లె వేయిస్తే బోధగానే మిగులుతుంది, పిల్లల చేత కొలిపిస్తే పాఠమవుతుంది.

మొదటి ఏడాది నేను వల్లె వేయించాను. "తినండి, త్రాగండి, మితిమీరకండి" అన్న ఖుర్ఆన్ వాక్యాన్ని (7:31) పిల్లలు కంఠస్థం చేసి పరీక్షలో చక్కగా రాశారు. జుహర్ (మధ్యాహ్నపు) నమాజుకు ముందు వుజూ, అంటే ముఖం, చేతులు, కాళ్లు కడుక్కునే శుద్ధి, చేసేటప్పుడు మాత్రం కుళాయిని పూర్తిగా తిప్పి వదిలేశారు.

మరుసటి ఏడాది అరబీ ఉస్తాద్ గారిని తరగతికి పిలిచాను. ప్రవక్త (స) ఒక 'ముద్' నీటితో వుజూ చేసేవారని సహీహ్ బుఖారీ అనే హదీసు (ప్రవక్త మాటలు, చేతల) సంకలనంలో ఉంది. ముద్ అంటే మధ్యరకం మనిషి రెండు చేతులు కలిపి పట్టే దోసెడు. ఏ లెక్కన చూసినా దాదాపు ఒక లీటరు, లేదా అంతకన్నా తక్కువ. కుళాయి కింద బకెట్ పెట్టి, ఒక్కొక్కరు ఎప్పటిలాగే వుజూ చేశాక, పడిన నీళ్లను లీటరు సీసాతో కొలిచాం. ఒక్కరి వుజూకే సీసా మళ్లీ మళ్లీ నిండుతుంటే పిల్లలు మాట్లాడలేదు. 'ఇస్రాఫ్' అంటే దుబారా అని ఆ తర్వాత నేను వివరించనక్కరలేకపోయింది.

ఆ నీళ్లు ఎక్కడివన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) ఒకప్పుడు నగరం దాహం తీర్చాయనీ, ఇప్పుడు కృష్ణా, గోదావరి జలాలను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి ఎత్తిపోసి తెస్తున్నారనీ చెప్పాను. అమానత్, అంటే మనకు అప్పగించిన సొత్తు, అన్న మాటకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

తరగతిలోని ముస్లిమేతర పిల్లలు భోజనానికి ముందు చేతులు కడిగే నీళ్లను కొలిచారు. వారిని విడిగా పక్కన కూర్చోబెట్టి మిగతావారికి పాఠం చెప్పడం తప్పని నా గట్టి నమ్మకం.

ఈ పని మొదలుపెట్టే ముందు మీ బడి కుళాయిలు సరిచూసుకోండి. వుజూఖానాలో కారుతున్న కుళాయి మాటేమిటని మా పిల్లలు మొదటి రోజే అడిగారు. యాజమాన్యం దాన్ని బాగుచేయించడానికి మూడు నెలలు పట్టింది, అన్నాళ్లూ వాళ్లు దాని కింద బకెట్ పెడుతూనే ఉన్నారు.