వార్డూ కావాలి, ల్యాబూ కావాలి

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో హౌస్ సర్జన్‌ని. సైకియాట్రీ చదివి పరిశోధన చేయాలనుంది. ఇంట్లో 'పిచ్చి డాక్టర్‌వి అయితవా' అంటున్నారు. రెండూ కుదురుతాయా?

జవాబు: కుదురుతాయి. సాల్మన్ స్నైడర్ సైకియాట్రిస్టే. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో పనిచేస్తూ 1973లో తన విద్యార్థిని క్యాండేస్ పెర్ట్‌తో కలిసి, మెదడులో నల్లమందు అతుక్కునే రిసెప్టర్‌ని, అంటే కణం మీద మందు తాళంలో చెవిలా పట్టుకునే చోటుని, చూపించారు. అదే చోట అతుక్కుని నల్లమందుని అడ్డుకునే నాలక్సోన్ అనే మందుకి రేడియోధార్మికత తగిలించి, ఎలుక మెదడు గుజ్జులో కలిపి, వడగట్టి, చల్లటి ద్రావణంతో గబగబా కడిగి, ఫిల్టర్ మీద ఎంత మిగిలిందో లెక్కపెట్టారు, అంతే! అదే దారిలో, మెదడులో సంకేతాలు మోసే డోపమైన్ అనే రసాయనం రిసెప్టర్ల మీదా పనిచేశారు, స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బుకి వాడే మందులు ఎక్కడ పట్టుకుంటాయో అలా తేలింది.

మీ వార్డులోనే చూడండి. కల్తీ కల్లు ఒక్కసారిగా మానేసి, చేతులు వణుకుతూ మంచం అంచు పట్టుకుని కూర్చునే మనిషి ఉంటాడు కదా, ఆ కల్లులో కలిపే ఆల్ప్రజోలం అనే మత్తుమందు పనిచేసేది కూడా అలాంటి ఒక రిసెప్టర్ మీదే, మెదడుని శాంతపరిచే గాబా అనే రసాయనం రిసెప్టర్ మీద. ఈ బాధ పాలమూరు డాక్టర్ కంటే దగ్గరగా ఎవరు చూస్తారు? ముందు ఎండీ చేయండి, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో సీటొస్తే వార్డూ ల్యాబూ రెండూ అక్కడే. ఇంట్లోవాళ్ళకి మాత్రం ఆ మనిషి కోలుకుని నడుచుకుంటూ ఇంటికెళ్ళిన రోజు గురించి చెప్పండి.