రెండు లెక్కలు కలవనప్పుడు

అమ్మలూ,

అమెరికా నేరాల మీద రిపోర్టు రాస్తూ, రెండు లెక్కలు కలవక టెన్షన్ పడుతున్నానన్నావు. 2022లో హింసాత్మక నేరాలు కాస్త తగ్గాయని ఎఫ్‌బీఐ మొదట అంది. ఇళ్లకు వెళ్లి మీ మీద ఏమైనా నేరం జరిగిందా అని అడిగే బాధితుల సర్వేనేమో (NCVS), ప్రతి వెయ్యి మందికి 16.5 నుంచి 23.5కు పెరిగాయంది. ఎవరో ఒకరిది తప్పని తేల్చెయ్యకు. ముందు కాలం చూడు. సర్వేవాళ్లు వెనకటి ఆరు నెలల గురించి అడుగుతారు కాబట్టి, 2022 లెక్కలో 2021 రెండో సగంలో జరిగినవి కూడా ఉంటాయి.

పైగా ఎఫ్‌బీఐ లెక్కలోకి వచ్చేవి పోలీసుల దాకా వెళ్లినవే. హింసాత్మక నేరాల్లో సగం కూడా అక్కడికి వెళ్లవు. కారు పోతే ఇన్సూరెన్స్ కోసమైనా వెళ్తారు. అందుకని కార్ల దొంగతనాల్లో పోలీసు లెక్కను నమ్మినంతగా లైంగిక దాడుల్లో నమ్మకు. 1973లో ఈ సర్వే పెట్టింది చెప్పుకోని నేరాల కోసమే.

అయితే జ్ఞాపకంతో ఓ చిక్కుంది. ఎనిమిది నెలల కిందటి దొంగతనాన్ని మనిషి నిజాయితీగానే మొన్నీమధ్య జరిగిందంటాడు. అందుకే ఎంపికైన ఇంటికి ఆరు నెలలకోసారి చొప్పున మూడున్నరేళ్లు వెళ్తారు. కిందటిసారి ఏం చెప్పారో చేతిలో ఉంటే అదే సంఘటన మళ్లీ లెక్కలోకి రాదు.

ఎవరిని అడగలేదో కూడా రాసుకో. పన్నెండేళ్లలోపు పిల్లలు, జైళ్లలో ఉన్నవాళ్లు, నిలువ నీడ లేనివాళ్లు అందులో ఉండరు. దుకాణాల్లో దొంగతనాలూ ఉండవు. హత్యకు గురైనవాళ్లు జవాబు చెప్పలేరు కదా, దానికి పోలీసు లెక్కే దిక్కు.

నాకు ఎప్పటికీ మింగుడుపడనిది ఇంకోటుంది. ఇంట్లో పదేపదే దెబ్బలు తినే మనిషి ఏది ఎప్పుడు జరిగిందో విడదీసి చెప్పలేకపోతే, వాటిని కలిపి ఒక వరుసగా తీసుకుంటారు. ఎన్నిసార్లు జరిగిందన్నా పదికి మించి లెక్కపెట్టరు. ఆ హద్దు లేకపోతే కొద్దిమంది జవాబులతోనే జాతీయ అంకె ఊగిపోతుంది, నిజమే. కానీ అన్నిటికంటే ఎక్కువ బాధపడ్డవాళ్లే తక్కువగా కనపడతారు. గృహహింస గురించి రాసేచోట ఆ మాట తప్పకుండా చెప్పు.

1992లో ప్రశ్నలు మార్చారు, ఎక్కువ నేరాలు బయటపడ్డాయి. కాబట్టి ఆ ఏడాదిని దాటి ఒకే గీత లాగొద్దు. అత్యాచారాల వంటివి శాంపిల్‌లో కొన్నే దొరుకుతాయి, రెండు మూడేళ్లవి కలిపి చూడు. ఏ అంకె రాసినా పక్కనే దాని దోషపు అంచనా, అంటే అది ఎంత అటూ ఇటూ కావచ్చో, రాయి.

డ్రాఫ్టు అయ్యాక పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న