డాంగిల్ దొరికింది, రేడియో మోగలేదు

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి ఈసీఈ మూడో ఏడాది. ప్రాజెక్టు కోసం కంప్యూటర్‌ని రేడియోగా మార్చే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే యూఎస్‌బీ డాంగిల్ కొన్నాం. ఇంట్లో పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు 24.04 వేసి, సీనియర్ల రికార్డులో ఉన్నట్టే డ్రైవరు సోర్సు దింపి కంపైల్ చేసింది. ఏ ప్రోగ్రాం తెరిచినా ‘యూఎస్‌బీ క్లెయిమ్ ఇంటర్‌ఫేస్ ఎర్రర్ మైనస్ 6’ అంటోంది. డాంగిల్ పోయిందని ఒకాయన అన్నాడు. మార్చేయమంటారా?
– ఎస్. ఆర్., గాజువాక

జవాబు: మార్చొద్దు బాబూ. డాంగిల్ బతికే ఉంది. పోయుంటే గొడవ అక్కడిదాకా వచ్చేదే కాదు.

ఈ మైనస్ అంకెల్ని అందరూ చూసీ చూడనట్టు వదిలేస్తారు గానీ, జబ్బేమిటో అక్కడే రాసి ఉంటుంది. మైనస్ 6 వస్తే పరికరం అప్పటికే ఇంకెవరి చేతిలోనో ఉందన్నమాట. మైనస్ 3 వస్తే మీకు దాన్ని ముట్టుకునే అనుమతి లేదన్నమాట. రెండింటికీ ఒకే మందు వేస్తే కుదరదు.

మీ దగ్గర పట్టుకున్నది ఎవరో కాదు, ఉబుంటుకి గుండెకాయలాంటి లైనక్స్ కెర్నలే. ఈ డాంగిల్ అసలు పుట్టింది డీవీబీ-టీ పద్ధతిలో టీవీ చూడ్డానికి. లోపలున్న రియల్‌టెక్ ఆర్‌టీఎల్2832యూ చిప్ నుంచి ముడి శాంపిళ్లు (సిగ్నల్‌ని అంకెలుగా మార్చినవి) నేరుగా లాగొచ్చని 2012లో ఔత్సాహికులు బయటపెట్టారు, ఆస్మోకామ్ బృందం దానికి లైబ్రరీ రాసింది, అప్పట్నుంచి ఇది రేడియో. కెర్నల్‌కి మాత్రం ఇప్పటికీ టీవీ డబ్బాయే. గుచ్చగానే ‘డీవీబీ_యూఎస్‌బీ_ఆర్‌టీఎల్28ఎక్స్‌ఎక్స్‌యూ’ అనే మాడ్యూల్ (కెర్నల్ లోపలి డ్రైవరు ముక్క), కాంప్లెక్సులో బస్సు ఆగకుండానే కిటికీలోంచి తువ్వాలు విసిరినట్టు సీటు ఆపేస్తుంది. మన దూరదర్శన్ డిజిటల్ ప్రసారాలు దాని తర్వాతి తరం డీవీబీ-టీ2లో వస్తాయి, ఈ చిప్‌కి అవి అందవు. అంటే తువ్వాలు వేసినవాడు ఎటూ బస్సెక్కడు.

ఆ మాడ్యూల్ సంగతి చూసేముందు ఇంకో పని ఉంది. మీ అమ్మాయి కంపైల్ చేసిన లైబ్రరీ ‘యూఎస్‌ఆర్/లోకల్’ కింద కూర్చుని ఉంటుంది. రేపు ఉబుంటు ప్యాకేజీ వేసినా ప్రోగ్రాములు ముందు ఆ లోకల్ కాపీనే పట్టుకుంటాయి, ఏది పని చేస్తోందో ఏది చెయ్యట్లేదో తెలియక జుట్టు పీక్కోవాలి. కాబట్టి బిల్డ్ ఫోల్డర్లోకి వెళ్లి ‘సుడో మేక్ అన్‌ఇన్‌స్టాల్’, ఆ తర్వాత ‘సుడో ఎల్‌డీకాన్ఫిగ్’ కొట్టమనండి. (పత్రికలో పలికినట్టు రాస్తున్నాను. టెర్మినల్లో అన్నీ ఇంగ్లిషు చిన్న బడి అక్షరాలే.) ఆ ఫోల్డర్ చెరిపేసి ఉంటే, అదే సోర్సు మళ్లీ దింపి, అలాగే కంపైల్ చేసి, ఇన్‌స్టాల్ చేసి, అప్పుడు తీసేయాలి. చుట్టుదారే, కానీ ఒక్కో ఫైలూ వెతికి చేత్తో తుడవడం కంటే నయం.

ఇప్పుడు ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ జీక్యూఆర్‌ఎక్స్-ఎస్‌డీఆర్’. అనుమతుల నియమాల్ని ప్యాకేజీయే వెంట తెచ్చుకుంటుంది. అయ్యాక డాంగిల్ పీకి మళ్లీ గుచ్చాలి. ఈ చిన్న పని ఎగ్గొట్టే మా కాలనీ కుర్రాళ్లు సగంమంది నా దగ్గరికొస్తారు. అప్పటికీ మైనస్ 6 పోకపోతే, ముందు ఇంకో రేడియో ప్రోగ్రాం ఏదైనా వెనకాల తెరిచి ఉందేమో చూడండి. లేదంటే ‘సుడో మోడ్‌ప్రోబ్ -ఆర్’ పక్కన ఆ మాడ్యూల్ పేరు కొడితే దిగిపోతుంది. శాశ్వతంగా రాకుండా ఉండాలంటే ‘ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డీ’ ఫోల్డర్లో ‘.కాన్ఫ్’తో ముగిసే ఫైలు పెట్టి, అందులో ‘బ్లాక్‌లిస్ట్’ అని, పక్కనే మాడ్యూల్ పేరు, ఒక్క లైను. ఏదీ కుదరట్లేదని రేడియో ప్రోగ్రాంనే సుడోతో (అంటే పూర్తి అధికారాలిచ్చి) నడిపించే అలవాటు మాత్రం చేసుకోవద్దు.

రేడియో వినే ప్రోగ్రాం జీక్యూఆర్‌ఎక్స్ తెరిచేముందు టెర్మినల్లో ‘ఆర్‌టీఎల్_టెస్ట్’ కొట్టండి. ట్యూనరు పేరు ఆర్820టీ అనో మరొకటో చెప్పి, కుదురుగా నడుస్తూ ఉంటే కింది అంతస్తు బాగున్నట్టే. మొదట్లో కొన్ని బైట్లు పోయాయంటే పట్టించుకోనక్కర్లేదు. ఆగకుండా పోతూనే ఉంటే డాంగిల్‌ని క్యాబినెట్ ముందు పోర్టు నుంచి తీసి, వెనక మదర్‌బోర్డు పోర్టులో పెట్టండి. శాంపిల్ రేటు (సెకనుకి తీసే శాంపిళ్ల లెక్క) 2.4 మెగా దాటించొద్దు. చిప్ 3.2 దాకా వెళ్తుందని రాసి ఉంటుంది గానీ, అక్కడ నిలకడ ఉండదు.

జీక్యూఆర్‌ఎక్స్‌లో వైడ్ ఎఫ్ఎం పెట్టి 98.3కో, 102కో తిప్పండి. ఊళ్లో గట్టి స్టేషన్లు అవి. ఆటోమేటిక్ గెయిన్ (సిగ్నల్‌ని తనంతట తానే పెంచడం) తీసేసి చేత్తో కొద్దికొద్దిగా పెంచాలి. గెయిన్ మొత్తం పైకి తోసేస్తే లేని చోట కూడా స్టేషన్లు కనిపిస్తాయి, వాటిని చూసి ‘ఎన్ని దొరికాయో’ అని సంబరపడేవాళ్లను చూశాను.

ఇక సీనియర్ల రికార్డు. అసలు చిక్కు అక్కడుంది. కాలేజీల్లో ఆ రికార్డులు ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కి అలా దిగుతూనే ఉంటాయి, లోపలి గ్నూ రేడియో (బ్లాకులు గీసి కలిపి రేడియో కట్టే ప్రోగ్రాం) మాత్రం మారిపోయింది. 3.7 రోజుల్లో అది పైథాన్ 2 మీద నడిచేది, బ్లాకుల వివరాలు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలో ఉండేవి. 2019లో 3.8తో అవి యామెల్ అనే మరో రకం ఫైళ్లలోకి వెళ్లాయి. 2021లో 3.9 వచ్చేసరికి సీ++ని పైథాన్‌తో కలిపే స్విగ్ పోయి పైబైండ్11 వచ్చింది. ఉబుంటు 24.04లో దొరికేది 3.10. కాబట్టి ఆ రికార్డులో ఉన్న అదనపు బ్లాకులు కంపైల్ కాకపోతే మీ పిల్ల తప్పేమీ లేదు. గీసిన బొమ్మ చూసి, అదే ఎఫ్ఎం రిసీవర్‌ని 3.10లో కొత్తగా కట్టుకోమనండి. వైవాలో అడిగితే చెప్పడానికి అప్పుడే నోరు వస్తుంది.

ఉపగ్రహాల ప్రాజెక్టు అయితే ఇంకో జాగ్రత్త. 137 మెగాహెర్ట్జ్ దగ్గర అమెరికా వాళ్ల నోవా వాతావరణ ఉపగ్రహాల బొమ్మలు పట్టే పాఠాలు ఇప్పటికీ దొరుకుతాయి. ఆ పాతవి 15, 18, 19 మూడూ 2025లో ఆగిపోయాయి. ఆ బ్యాండులో ఇప్పుడు చూడాల్సింది రష్యా వాళ్ల మెటియోర్-ఎం ఉపగ్రహాలు, వాటికి శాట్‌డంప్ అనే ప్రోగ్రాం.

యాంటెన్నా డాబా మీద పెట్టండి. ఎఫ్ఎంకి డైపోల్ (రెండు చేతుల యాంటెన్నా) ఒక్కో చెయ్యి ముప్పావు మీటరుకి కాస్త తక్కువ ఉంటే చాలు. సముద్రం ఉప్పుగాలికి కనెక్టరు పచ్చబడిపోతుంది, బీచ్‌రోడ్డు వైపైతే మరీ తొందరగా. బిగించాక రబ్బరు టేపు చుట్టండి.

ప్రశ్న: విండోస్‌లో ఈ డాంగిల్‌కి డ్రైవరు వేసే జాడిగ్ ప్రోగ్రాం వాడాక మౌస్ పని చెయ్యడం మానేసింది.
– కె. వి., సీతమ్మధార

జవాబు: ‘లిస్ట్ ఆల్ డివైసెస్’ టిక్కు పెట్టి, జాబితాలో మౌస్‌నే ఎంచుకున్నారు. డివైస్ మేనేజర్లో కీబోర్డు మీటలతోనే దాని దగ్గరికి వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. డ్రైవరు కూడా తుడవాలా అని అడిగితే అవునని టిక్కు పెట్టి, యంత్రం రీస్టార్ట్ చేయండి. ఈసారి ‘బల్క్-ఇన్, ఇంటర్‌ఫేస్ 0’ అని ఉన్నదాన్నే ఎంచుకుని విన్‌యూఎస్‌బీ వేయండి. పోర్టు మారిస్తే ఇదే తంతు మళ్లీ చెయ్యాల్సి రావచ్చు, అందుకే ఒకే పోర్టుకి అంటిపెట్టుకోండి.

ప్రశ్న: ఈ డాంగిల్‌తో హార్బరు ఓడల మాటలు, నేవీ వాళ్ల మాటలు వినొచ్చా అంకుల్? మా తాతకి ఆకాశవాణి 927 కూడా కావాలట.
– పదో తరగతి విద్యార్థి, పెదవాల్తేరు

జవాబు: తాతగారి కోరికే ముందు. మామూలు డాంగిల్ 24 మెగాహెర్ట్జ్ కిందికి దిగదు, 927 కిలోహెర్ట్జ్ చాలా కింద ఉంది. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ బ్లాగ్ వీ4 రకంలో ఆ కింది ఫ్రీక్వెన్సీల్ని పైకి మార్చే సర్క్యూట్ లోపలే ఉంటుంది, దాన్ని గుర్తుపట్టే కొత్త డ్రైవరు కూడా ఉండాలి. అంత ఖర్చు ఎందుకు, ఒక ట్రాన్సిస్టర్ కొనిపెట్టు.

రెండోది. నేను ఓడల మీద రేడియో ఆఫీసరుగా పనిచేసినవాణ్ని. 1999 ఫిబ్రవరిలో జీఎండీఎస్‌ఎస్ (ఓడల ఆపద సందేశాల ఆటోమేటిక్ వ్యవస్థ) పూర్తిగా అమల్లోకొచ్చి మా ఉద్యోగాలు ఎత్తేసేదాకా ఆ చెవి నాదే, ఆ సరదా నాకు తెలుసు. అయినా తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊళ్లో నేవీ, పోలీసు మాటల జోలికి పోవద్దు. వినొద్దు, రికార్డు చెయ్యొద్దు, స్నేహితులకి పంపొద్దు. నీకు నిజంగా మోజు ఉంటే అమెచ్యూర్ (హామ్ రేడియో) లైసెన్సు పరీక్షకి చదువు, వచ్చాక మాట్లాడ్డానికి కూడా వీలవుతుంది. అప్పటిదాకా 145.800 మెగాహెర్ట్జ్ మీద ఓ కన్నేసి ఉంచు. అంతరిక్ష కేంద్రం నుంచి అప్పుడప్పుడు ఎస్ఎస్‌టీవీ (ధ్వనిగా మార్చి పంపే) బొమ్మలు పంపుతుంటారు, మీ డాబా మీద నుంచే దొరుకుతాయి.